మైదానం ప్రశ్నలు: గోల్ కొట్టనివాడి ఉద్యోగం

గత నెల ఈ శీర్షికలో ఫుట్‌బాల్‌లో గోల్స్ కొట్టే ఫార్వర్డ్ ఆటగాళ్ళ గురించి రెండు పేజీలు రాశాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘మరి వెనక నిలబడేవాళ్ళ సంగతి ఏమిటి?’ అని నిలదీశాయి. కళాశాల రోజుల నుంచి మోకాలు మొరాయించేదాకా అనంతపురంలో స్టాపర్‌గానే (గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్, సెంటర్ బ్యాక్ అన్నా అతనే) ఆడినవాణ్ణి కనుక, ఆ ఉత్తరాలు చదువుతుంటే నాకు లోలోపల సంతోషమే కలిగింది. ఈసారి పేజీలన్నీ డిఫెండర్లకే కేటాయిస్తున్నాను.

“మా అబ్బాయికి 14 ఏళ్ళు. బడి జట్టులో ఎప్పుడూ ముందు ఆడి గోల్స్ కొట్టేవాడు. అనంతపురంలో శిక్షణకు చేరిన ఆరు నెలలకు కోచ్ వాణ్ణి సెంటర్ బ్యాక్‌గా మార్చారు. ఆ రోజు వాడు అన్నం ముట్టలేదు. నేను బండల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాను, ఆట గురించి నాకు అంతగా తెలియదు. ఇది వాణ్ణి తక్కువ చేయడమేనా? వెనక ఆడేవాడికి భవిష్యత్తు ఉంటుందా?” – ఒక తండ్రి, తాడిపత్రి

మీ అబ్బాయిని తక్కువ చేశారని నేను అనుకోవడం లేదు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో కోచ్‌లు పిల్లల స్థానాలు మార్చి చూస్తూనే ఉంటారు. బంతి వచ్చాక పరుగెత్తే పిల్లలు ఎందరో ఉంటారు గాని, అది ఎక్కడికి రాబోతున్నదో ముందే పసిగట్టి రెండడుగులు జరిగి నిలబడే పిల్లలు జట్టుకు ఒకరో ఇద్దరో దొరుకుతారు. అటువంటివాడు కంటబడితే ఏ కోచ్ అయినా వెనక్కే తీసుకుంటాడు, ఎందుకంటే ముందు జరిగే పొరపాటుకు ఒక అవకాశం పోతుంది, వెనక జరిగే పొరపాటుకు మ్యాచే పోతుంది.

ఈ మధ్య ఒక సాయంత్రం అనంతపురం ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో పిల్లల మ్యాచ్ చూస్తూ, పని లేక, ఒక పదిహేనేళ్ళ స్టాపర్ ఎన్నిసార్లు బంతి తాకుతున్నాడో కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. డెబ్బై నిమిషాల ఆటలో పందొమ్మిది గీతలు వచ్చాయి. అతను కాపలా కాసిన ఎదుటి జట్టు ఫార్వర్డ్ మాత్రం ఆట ముగిసేదాకా గోల్ వైపు ఒక్క షాట్ కూడా కొట్టలేకపోయాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ‘ఆ పిల్లోడు ఊరికే నిలబడి ఉన్నాడే’ అన్నారు. ఊరికే నిలబడలేదు. బంతితో వస్తున్నవాడి మీదికి ఉరికితే వాడు పక్కకు తప్పించి వెళ్ళిపోతాడు, నిజానికి వాడు ఎదురుచూసేది కూడా దానికోసమే. అందుకే ఈ పిల్లవాడు ఒక బారెడు దూరం ఉంచి, ఒక భుజం ముందుకూ ఒకటి వెనక్కూ పెట్టి పక్కవాటంగా నిలిచి, మడమలు నేలకు ఆనించకుండా చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ, ఎదుటివాడి కాళ్ళ విన్యాసాలను కాక బంతినే చూస్తూ, అతణ్ణి మెల్లగా పక్క గీత వైపు, అతని బలహీనమైన కాలి మీదికి తోసుకుపోయాడు. బంతి కాలికి కొంచెం దూరమైన ఆ అర క్షణంలో పాదం పెట్టాడు. వేరుశనగ చేనుకు రాత్రిపూట పందుల కాపలా ఉన్నవాళ్ళకు ఈ పని అర్థమవుతుంది. తెల్లవారి చేను చెక్కుచెదరకుండా ఉంటే, రాత్రి ఏం జరిగిందని ఎవరూ అడగరు.

ఇక పేరు ప్రతిష్ఠల విషయం. ఇందులో మీ అబ్బాయికి అబద్ధం చెప్పకండి. ఏడాదికి మేటి ఫుట్‌బాల్ ఆటగాడికి 1956 నుంచి ఇస్తున్న బాలన్ డోర్ పురస్కారాన్ని ఇంతవరకు ముగ్గురు డిఫెండర్లే అందుకున్నారు. జర్మనీ ఆటగాడు బెకెన్‌బావర్ 1972లోనూ 1976లోనూ, ఆ దేశానికే చెందిన సామర్ 1996లో, ఇటలీ కెప్టెన్ కన్నవారో 2006లో దాన్ని గెలుచుకున్నారు. కన్నవారోకు ఆ గౌరవం ఎలా దక్కిందో చూడండి. 2006 ప్రపంచకప్‌లో ఇటలీ ఏడు మ్యాచ్‌లు ఆడి కప్పు గెలిచింది, ఆ ఏడింటిలో కలిపి ఇటలీ మీద పడిన గోల్స్ రెండే. వాటిలో ఒకటి అమెరికాతో మ్యాచ్‌లో తమ ఆటగాడే పొరపాటున సొంత గోల్‌లోకి కొట్టుకున్నది, రెండోది ఫైనల్‌లో జిదాన్ కొట్టిన పెనాల్టీ. అంటే ఆడుతూ ఆడుతూ ఉండగా ఎదుటి జట్టు ఆటగాడు ఒక్కడు కూడా వాళ్ళ మీద గోల్ కొట్టలేదు.

డబ్బు విషయంలో మాత్రం కాలం మారింది. నెదర్లాండ్స్ డిఫెండర్ వాన్ డైక్ కుర్రతనంలో బ్రెడా పట్టణంలోని ఒక హోటల్‌లో అంట్లు తోముతూ ఆట నేర్చుకున్నాడు. అతన్ని 2018 జనవరిలో లివర్‌పూల్ క్లబ్బు 7.5 కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చుకుంది. అప్పటికి ఒక డిఫెండర్‌కు ప్రపంచంలో ఎవరూ అంత ధర చెల్లించలేదు. మీ అబ్బాయికి ఈ కథ చెప్పండి. కన్నవారో లెక్క కూడా చెప్పండి. రెండేళ్ళ తరువాత కోచ్ మళ్ళీ ముందుకు పంపినా పంపవచ్చు, కాని వెనక నేర్చుకున్నది వృథా కాదు, ఎదుటి డిఫెండర్ ఏం ఆలోచిస్తాడో తెలిసిన ఫార్వర్డ్ ప్రమాదకరమైనవాడు.

“నా వయసు 17, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఈ ఎత్తుతో సెంటర్ బ్యాక్ కావడం కష్టమని స్నేహితులు అంటున్నారు.” – ఒక విద్యార్థి, ఉరవకొండ

పైన చెప్పిన కన్నవారో ఎత్తు 176 సెంటీమీటర్లు, అంటే నీకంటే ఒక అంగుళం ఎక్కువ. స్పెయిన్ ఆటగాడు పుయోల్ 178 సెంటీమీటర్లే, అయినా 2010 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో జర్మనీ మీద కార్నర్‌కు ఎగిరి తలతో కొట్టిన అతని గోల్‌తోనే స్పెయిన్ 1–0తో గెలిచింది. జర్మనీ కెప్టెన్ లామ్ 170 సెంటీమీటర్ల మనిషి. అతను ఆడింది ఫుల్ బ్యాక్ స్థానంలో, అంటే పక్క గీతల వెంబడి. అయితే నాయనా, ట్రయల్స్‌లో సెంటర్ బ్యాక్ కోసం చూసేవారి కన్ను ముందుగా పొడవైనవాడి మీదే పడుతుందన్న మాట వాస్తవం. అందుచేత ఎడమ కాలితో కూడా పాస్ ఇవ్వడం నేర్చుకుని ఫుల్ బ్యాక్‌గానూ పేరు నమోదు చేయించుకో. రెండు కాళ్ళూ ఆడే ఫుల్ బ్యాక్‌ను ఎవరూ టేపు పెట్టి కొలవరు.

“మా వాడు రోజూ పది, పదిహేనుసార్లు బంతిని తలతో కొడతాడు. మెదడుకు దెబ్బ అని ఎక్కడో చదివాను. మాన్పించాలా?” – ఒక తల్లి, ప్రొద్దుటూరు

అమ్మా, మీ భయం ఉత్త భయం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ వివరాలను, అదే ఈడు సామాన్య ప్రజల వివరాలతో పోల్చి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. మతిమరుపు వంటి మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం ఆటగాళ్ళలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని అందులో తేలింది. 2021లో స్థానాలవారీగా విడదీసి చూస్తే మన వర్గానికి సంబంధించిన కబురు ఇంకా చేదుగా ఉంది. ఆ జబ్బులు వచ్చే అవకాశం డిఫెండర్లలో సుమారు ఐదు రెట్లు కనిపించింది, బంతిని తలతో కొట్టే అవసరం పెద్దగా లేని గోల్‌కీపర్లలో మాత్రం సామాన్య ప్రజలకూ వాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీనికి రెండు విషయాలు జోడించి చదువుకోవాలి. అందులోని వారిలో ఎక్కువమంది పాతకాలం ఆటగాళ్ళు, వర్షానికి నీళ్ళు పీల్చుకుని బరువెక్కే తోలు బంతులతో ఆడినవారు కూడా వారిలో ఉన్నారు. పైగా అదే అధ్యయనంలో ఆటగాళ్ళు గుండెజబ్బుతో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోవడం సామాన్యుల కంటే తక్కువగా ఉంది. ఆట మొత్తాన్ని మాన్పించమని నేను చెప్పను. తలతో కొట్టడాన్ని మాత్రం తగ్గించవచ్చు, తగ్గించాలి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్ళు, అంతకు లోపు పిల్లలకు హెడ్డింగ్‌ను 2015లోనే నిషేధించింది. ఇంగ్లండ్‌లో 2021 నుంచి పెద్దల జట్లకు సైతం శిక్షణలో బలంగా తగిలే హెడ్డింగ్‌లు వారానికి పది మించకూడదని మార్గదర్శకాలు ఉన్నాయి. పెద్దలకే వారానికి పది అయితే, మీవాడు రోజుకు పదిహేను కొట్టడం ఎందుకు? కోచ్‌తో మాట్లాడి, వారంలో ఒక రోజు, మెత్తటి బంతితో, నుదుటి మధ్య భాగంతో, కళ్ళు తెరిచి కొట్టే పద్ధతి నేర్పితే చాలునని చెప్పండి. ఆటలో ఎప్పుడైనా తలకు తల తగిలి మీవాడు తడబడినా, వాంతి వస్తోందన్నా, స్కోరు ఎంతో చెప్పలేకపోయినా, ఆ పూటకు వాణ్ణి మళ్ళీ మైదానంలోకి దిగనివ్వకండి. ‘నాకేం కాలేదు’ అని వాడు బతిమాలతాడు, మేమంతా అలా బతిమాలినవాళ్ళమే. మీరు వినకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

“డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ ఆడుతున్నాను. డిఫెండర్‌గా ఎన్నేళ్ళు ఆడవచ్చు? మధ్యలో కాలు పోతే బతుకు ఏమిటి? ఇంట్లో ఇదే గొడవ.” – ఒక పాఠకుడు, ఆదోని

ఎన్నేళ్ళు అన్నదానికి సంతోషకరమైన జవాబు ఉంది. మెరుపు వేగం మీద బతికే ఫార్వర్డ్‌కు ముప్పై దాటితే వెలుగు తగ్గుతుంది, ఎక్కడ నిలబడాలో తెలిసిన డిఫెండర్ అప్పుడే పక్వానికి వస్తాడు. మాల్దీని ఏసీ మిలాన్ క్లబ్బుకు 1985 జనవరిలో, పదహారేళ్ళ వయసులో తొలి మ్యాచ్ ఆడి, 2009లో నలభై ఏళ్ళ వయసులో అదే క్లబ్బులో ఆట చాలించాడు. అంత దూరం వద్దు, కేరళలోని కొండోట్టికి చెందిన అనస్ ఎడథోడిక కుర్రవాడిగా ఆటోరిక్షా నడిపి, క్లబ్బు తరువాత క్లబ్బు మారుతూ ఎదిగి, 2017లో ముప్పై ఏళ్ళ వయసులో భారత జట్టుకు తొలిసారి ఆడాడు. ఇది డిఫెండర్‌గా ఆడినందువల్ల దక్కిన వరమని నా అభిప్రాయం.

కాలు పోవడం గురించి సొంత అనుభవమే చెబుతాను. నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు ఒక జిల్లాల మ్యాచ్‌లో, గులకరాళ్ళ నేల మీద, పక్కకు తిరగబోతే పాదం నేలలో చిక్కుకుని శరీరం మాత్రం తిరిగిపోయింది. మోకాలిలో ఎండుపుల్ల విరిగినట్టు ‘టప్’మన్న శబ్దం నాకే వినిపించింది. చూసిన వైద్యుడు బెణుకే అన్నాడు, కట్టు కట్టి మూడు వారాలు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఇరవై రెండో రోజు నేను మైదానంలో ఉన్నాను, పదో నిమిషంలో మళ్ళీ కింద ఉన్నాను. తెగినది లిగమెంట్ (కీలులో ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) అనీ, రెండోసారి పడినప్పుడు లోపలి మెత్త కూడా చిరిగిందనీ బెంగళూరు వెళ్ళాక గాని తెలియలేదు. ఈనాడు స్కాన్ తీయించుకోవడం అంత కష్టం కాదు. ‘టప్’ వినిపించి కొన్ని గంటల్లో మోకాలు ఉబ్బితే, బెణుకు అని ఎవరు చెప్పినా స్కాన్ తీయించకుండా నమ్మవద్దు. శస్త్రచికిత్స చేయించుకుని తొమ్మిది నెలలకు తగ్గకుండా ఓపిక పట్టగలిగితే తిరిగి ఆడవచ్చు. భారత సెంటర్ బ్యాక్ సందేశ్ ఝింగన్‌కు 2019 అక్టోబరులో ఇదే గాయమై 2019–20 సీజన్ అంతా పోయింది. అతను తిరిగి వచ్చి 2021లో దేశపు ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. అదే ఏడాది క్రొయేషియా క్లబ్బు షిబెనిక్‌లో చేరాడు, అక్కడ కూడా గాయం వెంటాడడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే తిరిగి వచ్చాడు. ఈ వృత్తిలో మంచి రోజూ చెడ్డ రోజూ ఇంత దగ్గర దగ్గరగా ఉంటాయి.

ఇంట్లో గొడవ విషయానికి వస్తే, నేను మీ పెద్దల పక్షమే, కొంతవరకు. డిగ్రీ వదలవద్దు. 2025లో దేశంలోని పెద్ద లీగ్ అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నిర్వహణ ఒప్పందం గడువు ముగియవస్తున్నా కొత్త ఒప్పందం తేలకపోవడంతో సీజన్ సమయానికి మొదలు కాలేదు. దేశంలో అత్యున్నత స్థాయి ఆటగాళ్ళు కూడా నెలల తరబడి మ్యాచ్‌లు లేకుండా ఎదురుచూడవలసి వచ్చింది, కొన్ని క్లబ్బులు జీతాలే ఆపేశాయి. అందుచేత క్లబ్బు పిలిస్తే సంతోషించండి గాని కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. ప్రపంచ సమాఖ్య (ఫిఫా) నిబంధనల ప్రకారం ఆటగాడి ఒప్పందం సాధారణంగా ఐదేళ్ళకు మించకూడదు, పద్దెనిమిదేళ్ళు నిండనివారికైతే మూడేళ్ళే. గాయపడితే జీతం, వైద్యం ఖర్చు ఎవరు భరిస్తారన్న వాక్యం ఆ కాగితంలో ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించమని అడగండి.

రైల్వేలు, పోలీసు, సైన్యం క్రీడాకారుల కోటాలో ఉద్యోగాలు ఇస్తున్నాయి, మనకు గుంతకల్లు డివిజన్ పక్కనే ఉంది. జిల్లా, విశ్వవిద్యాలయ, రాష్ట్ర స్థాయి ధ్రువపత్రాలను ప్లాస్టిక్ కవరులో భద్రపరచుకోండి, నా పాతవి కొన్ని చెదలు తిన్నాయి. ఆట ముగిసినవారికి జాతీయ సమాఖ్య నడిపే ‘డి’ లైసెన్స్ వంటి కోచింగ్ కోర్సులు ఉన్నాయి. డిఫెండర్లు మంచి కోచ్‌లు అవుతారన్నది నా నమ్మకం, ఆట మొత్తం ఎప్పుడూ వారి కళ్ళ ముందే జరుగుతుంది గదా.

“మా అమ్మాయి లెఫ్ట్ బ్యాక్. అమ్మాయిలకు ఇందులో దారి ఉందా?” – ఒక రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

ఉంది, మునుపటి కంటే విశాలంగానే ఉంది. మహిళల జాతీయ లీగ్ 2017 నుంచి నడుస్తోంది. 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వారి సొంత గడ్డ మీదనే 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. భారత జట్టుకు చాలాకాలం కెప్టెన్‌గా ఉన్న మణిపూర్ క్రీడాకారిణి ఆశాలతా దేవి డిఫెండరే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య ముందు వరుసలో ఆడుతోంది, తెలుగు ఇంటి ఆడపిల్ల జాతీయ జట్టు దాకా వెళ్ళగలదా అని ఇక ఎవరూ అడగనక్కరలేదు. అమ్మాయి ఎడమకాలి వాటమైతే ఆమెకు మరీ మంచిది, అటువంటివారి కోసం ప్రతి కోచ్ వెదుకుతుంటాడు.

“గోల్‌కు ఎదురుగా వెళ్తున్నవాణ్ణి మావాడు పడగొడితే పోయిన నెల టోర్నమెంట్‌లో పెనాల్టీ ఇచ్చి, పైగా ఎర్రకార్డు చూపించారు. రెండు శిక్షలు న్యాయమా?” – ఒక జట్టు మేనేజరు, రాయదుర్గం

మీవాడు ఏం చేశాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. స్పష్టమైన గోల్ అవకాశాన్ని ఫౌల్‌తో అడ్డుకుంటే ఎర్రకార్డు. అయితే 2016లో నిబంధన సవరించారు. పెనాల్టీ పెట్టె లోపల, బంతి కోసమే నిజాయితీగా ప్రయత్నించి ఫౌల్ చేస్తే పెనాల్టీతో పాటు పసుపు కార్డు చాలు. చొక్కా లాగినా, చేత్తో తోసినా ఎర్రకార్డే. చొక్కా సంగతి మీ ఉత్తరంలో లేదు, కావాలనే వదిలేశారేమో!

“మన తెలుగు గడ్డ మీద గొప్ప డిఫెండర్లు ఎవరైనా ఉన్నారా?” – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

అయ్యా, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టులో ఫుల్ బ్యాక్‌గా ఆడిన అజీజుద్దీన్ భారత జట్టుకూ ఆడాడు. తరువాతి తరంలో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ వచ్చాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు అతనే కెప్టెన్, అతనే రక్షణ వరుసకు వెన్నెముక. ఆ తరువాత కోల్‌కతా పెద్ద క్లబ్బులకు కోచ్‌గా పనిచేసి ద్రోణాచార్య పురస్కారం కూడా అందుకున్నాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ పతకం రాలేదు.

రహీం సాబ్ ప్రస్తావన వచ్చింది కనుక తాడిపత్రి తండ్రిగారి కోసం ఇంకొకటి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన మేటి స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనక నిలిపితే ఎదురయ్యే ప్రమాదం తెలిసిన రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద భారత్ 2–1తో గెలిచింది, ఆ రెండింటిలో ఒక గోల్ జర్నైల్‌ది. ప్రొద్దుటూరు తల్లిగారు మాత్రం ఈ పేరా చదవకుండా ఉంటే బాగుండు, ఈనాడు అలాంటి గాయంతో ఎవరూ ఆడకూడదు.

“మా ఊరి మైదానం అంతా గరుసు. పొడవు స్టడ్స్ ఉన్న బూట్లు కొనాలా?” – ఒక పదో తరగతి విద్యార్థి, గుత్తి

వద్దు. పొడవు స్టడ్స్, అంటే బూటు అడుగున ఉండే పొడవు బొడిపెలు, పచ్చిక కోసం చేసినవి. మన ఎర్రగరుసు నేలలో అవి దిగబడవు, మడమ కింద రాయిలా పొడుస్తాయి, దిగబడితే నా మోకాలికి జరిగిందే జరుగుతుంది. అడుగున పొట్టి రబ్బరు బొడిపెలు చాలా ఉండేవి కొను, టర్ఫ్ బూట్లు అని అడిగితే ఇస్తారు. సాయంత్రం పూట వెళ్ళి, ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడు, పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు అర అంగుళం కన్నా తక్కువ ఖాళీ ఉండాలి. ‘పెరిగే కాలు గదా’ అని మీ నాయన రెండు సైజులు పెద్దవి కొనబోతే ఈ పేజీ చూపించు.